ఎండ పక్కింటి జాగలోంచి వస్తుంది

ఈ రోజు పొద్దున ఒక తప్పు చేశాను. ఒక ఇంటి వెనక తలుపు తీసి చూడకుండానే ఆ ఇంటికి ఏం కావాలో తీర్పు చెప్పాను. ఇదే పని నా దగ్గర కొత్తగా చేరినవాడు చేసి ఉంటే ఆ రోజంతా వాడితో మాట్లాడేవాణ్ని కాదు.

సోలార్ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నా అనుభవాలు రాసిపెట్టమని చాలా రోజులుగా అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే గొప్పలు రాద్దామనే అనుకున్నాను. చెప్పుకోవడానికి ఉన్నాయి కూడా, వాటిని దాచుకోను. కాని ఈ పూట జరిగింది రాయకుండా మిగతావి రాస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే.

కూర్చున్న ఇల్లు, నడిచే ఇల్లు

ఎండను ఇంట్లోకి తెచ్చి వెచ్చదనంగా దాచిపెట్టడం నా పని. సిద్దిపేటలో ఈ మాట అంటే నవ్వుతారు. మా మేనమామ బతికున్నన్నాళ్లూ నన్ను చూడగానే, "ఎండకాలం పెనం మీద కూసున్నట్టే ఉంటది గదరా, నువ్వు మళ్ల కింద మంట పెడ్తనంటవేంది" అనేవాడు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. మన దగ్గర చలి కొన్ని వారాల ముచ్చట. ఆ కొన్ని వారాల కోసం ఇల్లు కట్టి మిగతా ఏడాదంతా మనుషుల్ని అందులో ఉడకబెట్టేవాణ్ని ఇంజనీరు అనడానికి లేదు. ఇక్కడ వేడి పని చేసేవాడు ముందు వైశాఖాన్ని తలుచుకుని, తర్వాత పుష్యం గురించి ఆలోచించాలి.

అయితే ఆ కొన్ని వారాలు అందరికీ ఒకలా గడవవు. ఉబ్బసం ఉన్న ముసలమ్మ ఎలా పడుకుంటుందో, బాలింత ఎలా లేస్తుందో వెళ్లి చూడాలి. గుంటమగ్గం మీద కూర్చునే మనిషిని చూడాలి. ఆ మనిషికి మోకాళ్ల కిందిదంతా నేలలో తవ్విన గుంటలోనే ఉంటుంది. ఆ నేల తెల్లవారుజామున బావి గట్టులా చల్లగా ఉంటుంది.

ఈ పనిలో రెండు దారులున్నాయి. చదువులో పాసివ్, యాక్టివ్ అని నేర్పుతారు. ఊళ్లలో అర్థం కావడానికి నేను 'కూర్చున్న ఇల్లు', 'నడిచే ఇల్లు' అని చెప్పేవాణ్ని. మొదటిదాంట్లో యంత్రం ఉండదు, ఇల్లే పని చేస్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి దక్షిణం గోడకు కిటికీ పెడితే ఎండ గది మధ్యదాకా వస్తుంది. మందపు గోడ, బండల నేల పగలంతా ఆ వేడిని తాగి రాత్రి వదులుతాయి. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, చిన్న సజ్జ ఉంటే చాలు, అదే కిటికీలోంచి లోపలికి రాలేడు. రెండోదాంట్లో మిద్దె మీద పలకలు పెట్టి నీళ్లు కాచి, పంపుతో ఆ వేడిని కావలసిన చోటికి నడిపిస్తాం.

నేను జీవితమంతా మొదటి దారి మనిషిని. ఎందుకలా అయ్యానో చెప్తాను.

మూర్తి గారి పంపు

నా మొదటి బాసు మూర్తి గారు. హైదరాబాదులో చిన్న సోలార్ కంపెనీ నడిపేవారు. ఆయనకు పంపులంటే ప్రాణం. జగదేవ్‌పూర్ వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో స్నానానికి వేడినీళ్లు, చిన్నపిల్లలు పడుకునే గదులకు గోడల్లో వేడి పైపులు పెట్టాం. బాగా చేశామని మురిసిపోయాం. చలి ముదిరాక ఒకరోజు గదులు మంచులా ఉన్నాయని కబురొచ్చింది. వెళ్లి మిద్దెక్కి చూస్తే ట్యాంకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కింద పిల్లలు దుప్పట్లో దుప్పటి దూర్చి వణుకుతున్నారు. పంపు స్విచ్చి వేసే వాచ్‌మన్ సెలవులో ఉన్నాడు. ఇంకెవరికీ ఆ స్విచ్చి సంగతి తెలియదు. తెలిసినా ఆ వేళకు కరెంటు ఉండదు.

నేను వాచ్‌మన్‌ను తిట్టడానికి నోరు తెరిచాను. మూర్తి గారు ఆపి, వార్డెనమ్మ, వంటవాళ్లు అందరూ ఉండగా అన్నారు: "పంపు పెట్టినవాడు దాన్ని చూసుకునే మనిషిని కూడా లెక్కలో వేసుకోవాలయ్యా. నేను వేసుకోలేదు. తప్పు నాది."

ఆ రోజు నుంచి నాకు పంపు మీద నమ్మకం పోయింది. ఇప్పుడు అనుకుంటున్నాను, ఆయన నేర్పినదాంట్లో నేను సగమే నేర్చుకున్నాను. పంపు సంగతి గుర్తు పెట్టుకున్నాను. అందరి ముందూ నిలబడి అన్నారన్న సంగతి మరిచిపోయాను.

యముడు కిటికీ దుంకడు

సొంతంగా పని మొదలుపెట్టాక నాకు పేరు తెచ్చింది ఇబ్రహీంపూర్‌లో ఒక రైతు ఇంటి గది. బాల్‌రెడ్డి వాళ్లమ్మకు ఉబ్బసం. చలికాలం వస్తే దవాఖానకూ ఇంటికీ తిరగడమే పని. ఆమెకోసం దక్షిణం గోడకు రెండు కిటికీలు, కింద నల్లటి బండలు, పడమటికి మందపు రాతిగోడ గీశాను. కొడుకు ఒప్పుకున్నాడు. ముసలమ్మ ఒప్పుకోలేదు. దక్షిణం యముని దిక్కు, అటు తెరిచిన గదిలో పడుకోనంది.

వాస్తు మనుషులతో వాదిస్తే పని కాదు. అది నేను త్వరగానే నేర్చుకున్నాను. వాళ్లు నైరుతి మూల బరువుండాలంటారు. మాకు కావలసింది కూడా పడమటి ఎండను ఆపే బరువైన గోడే. అక్కడ చేతులు కలిపి, దక్షిణం దగ్గర నవ్వించాలి. ఆ రోజు నేనన్న మాట ఇది: "అవ్వా, యముడు పెద్దమనిషి. వస్తే తలుపు కాడికే వస్తడు గని దొంగ లెక్క కిటికీ దుంకుతడా?"

ఆమె దగ్గుతూనే నవ్వింది. గది కట్టాం. ఆ గదిలో ఆమె ఎన్ని చలికాలాలు హాయిగా పడుకుందో ఊరందరికీ తెలుసు. ఇప్పటికీ పుష్యంలో ఆ బండల మీద కాలు పెడితే పగటి ఎండ పాదానికి తగులుతుంది. పంపు లేదు, స్విచ్చి లేదు, చెడిపోయేది ఏమీ లేదు. నేను చచ్చిపోయాక కూడా అది పని చేస్తుంది. ఆ గది గురించి నాకు గర్వం ఉంది, దాచను.

యముడి మాట మాత్రం నాకు పనిముట్టు అయింది. ఎర్రవల్లిలో అన్నాను, గజ్వేల్‌లో అన్నాను, ఎక్కడ 'దక్షిణం' అన్న మాట వినిపిస్తే అక్కడ అన్నాను. ప్రతిసారీ నవ్వారు, ప్రతిసారీ ఒప్పుకున్నారు.

సత్తయ్య ఇంట్లో

స్వప్న నా దగ్గర చదువు అవగానే చేరింది. మొదట్లో తెగ వాదించేది. నేను సజ్జ పొడవు చెబితే ఎందుకు అని అడిగేది, నేను చెప్పాక కూడా వెళ్లి నీడ చూసి వచ్చేది. నేను రిటైర్ అయ్యాక పాత బస్టాండు దగ్గర సొంత ఆఫీసు పెట్టింది. మొన్న ఫోన్ చేసి, కొత్త పని మొదలుపెట్టే ముందు మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుంది సార్ అంది. ఆమె అడిగింది నా సలహా కాదని నాకిప్పుడు అర్థమవుతోంది. తన పని నేను చూడాలని అడిగింది.

ఆ ఇల్లు సత్తయ్యది. ఆయనా, భార్య రాజవ్వా గొల్లభామ చీరలు నేస్తారు. సత్తయ్యకు కళ్లు సహకరించక ఇప్పుడు మగ్గం మీద కూర్చునేది రాజవ్వే. మగ్గం వెనక గదిలో ఉంది. పోయిన చలికాలం గుంటలో ఆమె కాళ్లు మొద్దుబారి, పొద్దెక్కేదాకా మగ్గం తొక్కలేకపోయింది. భివండిలో ఉండే సత్తయ్య తమ్ముడు కరెంటు హీటరు తెచ్చి పెడితే, గది గాలి ఎండిపోయి పోగులు పుటుక్కున తెగడం మొదలైంది. హీటరు అటకెక్కింది. ఇప్పుడు కొరియర్ వాళ్లెవరో ఆ గదిని సామాను పెట్టుకోవడానికి కిరాయికి అడుగుతున్నారు. గుంట పూడ్చి గది ఇచ్చేద్దామని సత్తయ్య, ఇంకొక్క చలికాలం చూద్దామని రాజవ్వ. స్వప్నను వెతికి పట్టుకున్నది రాజవ్వే.

నేను వెళ్లేసరికి ముందుగదిలో చాప మీద స్వప్న డ్రాయింగు పరిచి ఉంది. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ వీధి నాకు కొత్త కాదు. ఒకప్పుడు ఆ ఇళ్ల వెనక ఖాళీ జాగ ఉండేది, పొద్దున్నే అక్కడ నూలు బారలు చాచి గంజి పట్టించేవారు. నా కళ్లలో ఆ జాగే ఉంది.

డ్రాయింగులో వీధి వైపు మిద్దె అంచున పలకలు, అక్కడి నుంచి ఇల్లంతా దాటి వెనక గదిలోని గుంట చుట్టూ పైపులు. నాకు నవ్వొచ్చింది. నవ్వడంతో ఆగి ఉంటే బాగుండేది.

"ఎండ కావాల్సింది ఎనుక గదిల" అన్నాను సత్తయ్యతో. "ఈ పిల్లేమో ముంగటి మిద్దె మీద డబ్బా పెట్టి ఇల్లంత పైపులు తిప్పుతుంది. ఇంక చిన్నది గదా, నేర్చుకుంటది. నీకు పైపులొద్దు, పంపులొద్దు. ఎనుక గోడకు దక్షిణం దిక్కు పెద్ద కిటికీ కొట్టు, అయిపాయె."

స్వప్న "సార్, ఒక్కసారి ఎనుకకు..." అనబోయింది. చెయ్యెత్తి ఆపాను. రాజవ్వ గుమ్మంలో నిలబడి, "దక్షిణం దిక్కు అంటే సారూ..." అని మొదలుపెట్టింది.

దక్షిణం అన్న మాట నా చెవిన పడింది. అంతే, నా నోరు దానంతటది తెరుచుకుంది. యముడు పెద్దమనిషి అన్నాను, కిటికీ దుంకడు అన్నాను. చాప మీద అందరూ నవ్వారు. రాజవ్వ నవ్వలేదని నేను చూడలేదు.

సత్తయ్య, పెద్ద సారే పైపులు వద్దన్నంక ఇగ అనుకునేది ఏముంది, ఈ వారమే గుంట పూడుస్తానన్నాడు. స్వప్న డ్రాయింగు చుట్టుకుంది. "పోయొస్త పెద్దమ్మా" అని రాజవ్వకు మాత్రం చెప్పి బండి తీసుకుని వెళ్లిపోయింది.

వెనక తలుపు

చాయ్ తాగాక రాజవ్వ నా చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ అడిగింది. "గిప్పుడన్న జర ఎనుకకు వస్తరా సారూ?"

వెళ్లాను. మగ్గం గదిలో పగలే లైటు వేసి ఉంది. ఆమె వెనక తలుపు తీసింది. చెయ్యి చాస్తే తగిలే దూరంలో ఇటుకగోడ. తలెత్తి చూశాను. రెండంతస్తులు.

"పోయినేడు ఎనుకింటి కిష్టయ్య కట్టిండు" అంది. "నేను దక్షిణం అన్నది యముని ముచ్చట కాదు సారూ, గీ గోడ ముచ్చట. మీరు నవ్విచ్చిన్రు, అందరు నవ్విన్రు. నా గుంట పోయింది."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ని.

మిద్దెక్కాను. వెనక సగమంతా కిష్టయ్య ఇంటి నీడలో ఉంది. ఎండ ఉన్నది ముందు వైపు, సరిగ్గా స్వప్న పలకలు గీసిన చోటే. మిద్దె మీద సుద్దముక్కతో గీతలున్నాయి. నీడ అంచు పొద్దున ఎక్కడిదాకా వస్తుందో, మధ్యాహ్నం ఎక్కడ ఉంటుందో, సాయంత్రం ఎక్కడికి జరుగుతుందో గీసుకుంది. చలి ముదిరాక నీడ ఇంకెంత ముందుకు వస్తుందో లెక్కగట్టి ఇంకో గీత కూడా పెట్టింది. ముందు ఎండ చూడు, తర్వాత కాగితం తీయి అని ఆమెకు నేర్పింది నేను. ఆమె ఇక్కడ రోజంతా నిలబడి చూసింది. నేను చాప మీద కూర్చుని చెప్పాను.

కొత్తగా వచ్చేవాళ్లకు ఈ ఒక్కటి గట్టిగా చెప్పాలి. కూర్చున్న ఇల్లు గొప్పదే, కాని దాని ఎండ మన జాగలోది కాదు, పక్కింటి జాగలోంచి వస్తుంది. బాల్‌రెడ్డి గదికి దక్షిణాన ఆయన చేనే ఉంది, అందుకే ఆ గది ఇంకా బతికి ఉంది. సిద్దిపేటలో ఇప్పుడు ఎవరి జాగలో వాళ్లు కట్టుకుంటున్నారు. కట్టుకోవద్దనడానికి మనమెవరం? అలాంటి చోట ఎండ మిద్దె మీదే దొరుకుతుంది, దాన్ని నడిపించే తీసుకురావాలి. ఒక ఊళ్లో ఒక ఇంటికి కుదిరినదాన్ని నేను అన్ని ఇళ్లకూ ధర్మం చేసుకున్నాను. పంపు మీద కోపం ఒక చలికాలం నాటిది, దాన్ని ఇన్నేళ్లు మోశాను.

స్వప్న ఆఫీసులో

సత్తయ్యను మళ్లీ వచ్చేదాకా గుంట ముట్టుకోవద్దని బతిమాలి, నేరుగా పాత బస్టాండుకు వెళ్లాను. స్వప్న తలెత్తకుండానే, "ఏం సార్, పిల్ల కాడికి వచ్చిన్రు?" అంది.

కుర్చీ చూపించలేదు, నేనే లాక్కుని కూర్చున్నాను. తప్పయిపోయిందని చెప్పాను. వెనక తలుపు తీయలేదని, నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సిందని చెప్పాను. అంతా విని ఆమె అన్నది ఇదీ:

"నాకు చెప్తే ఏమొస్తది సార్? మాట పోయింది గాడ. గాళ్ల ముంగట చెప్పున్రి."

మూర్తి గారు గుర్తొచ్చారు.

డ్రాయింగు చూపించమన్నాను. ఈసారి సరిగ్గా చదివాను. పంపుకు స్విచ్చి లేదు. కరెంటు కూడా అక్కర్లేదు. చిన్న సోలార్ ప్యానెల్‌కే కలిపింది, ఎండ ఉంటే పంపు తిరుగుతుంది, పొద్దు వాలితే ఆగుతుంది. పగలంతా వేడినీళ్లు గుంట చుట్టూ పేర్చిన రాళ్లలోకి వేడిని దింపుతాయి, రాళ్లు దాన్ని తెల్లవారేదాకా పట్టుకుంటాయి. గాలి ఎండిపోదు కాబట్టి పోగు తెగదు. శివరాత్రి దాటగానే ఒక వాల్వు తిప్పి బంద్ చేస్తే నీళ్లు గుంటకు రాకుండా స్నానాలకు పోతాయి. వేసవిలో గది ఉడకదు.

"పంపును చూసుకునే మనిషి అక్కర లేకుంట చేసిన సార్" అంది. "హాస్టల్ ముచ్చట మీరు చెప్పిందే గదా. రాళ్లు కూడ మీ ఇబ్రహీంపూర్‌వే."

నా రెండు దారులనూ కలిపి ఆమె మూడోది వేసింది. నా దగ్గర నేర్చుకున్నదే, కాని ఇలా కలపడం నాకు తట్టలేదు. ఇన్నేళ్లలో ఏ డ్రాయింగు చూసినా ఇంత గర్వం కలగలేదు. పొద్దున నేను నవ్వింది దీన్ని చూసే.

సాయంత్రం ఇద్దరం సత్తయ్య ఇంటికి వెళ్లాం. పొద్దున నవ్వినవాళ్లను నేనే పేరు పేరునా పిలుచుకొచ్చాను. చాప మీద కాదు, వెనక తలుపు తీయించి ఆ గోడ ముందు నిలబడి చెప్పాను. "నేను పొద్దున ఈ తలుపు తీయలే. చూడకుంట మాట్లాడిన. మేడం చూసి గీసింది. మేడం గీసిందే సరైంది. సత్తన్నా, నా మాట ఇనకు, మేడం మాట ఇను."

సత్తయ్య నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "మరి పొద్దుగాల పిల్ల అంటివి?"

"గదే తప్పు" అన్నాను.

రాజవ్వ మగ్గం మీద కప్పిన బట్ట తీసి దులిపింది. సత్తయ్య అది చూసి, కొరియర్ వాళ్లకు రేపు చెప్తాలే అని గొణిగాడు.

తర్వాత

పై మాటలు రాసి పక్కన పెట్టాను. చెప్పడంతో తప్పు తీరదు, పని పూర్తయ్యాక మిగతాది రాద్దామనుకున్నాను.

పని జరిగినన్నాళ్లూ వెళ్లాను. స్వప్న వద్దంది, నేను వినలేదు. మేస్త్రీకి రాళ్లు అందించాను, పైపులో గాలి నిలవకుండా వాలు సరిగ్గా వచ్చేదాకా ఒక కొస పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ పట్టుకోవాలో ఆమె చెప్పేది, అక్కడ పట్టుకునేవాణ్ని. ఒకసారి సజ్జ గురించి ఏదో చెప్పబోయి ఆగాను. ఆమె గమనించి, "చెప్పున్రి సార్, ఇంటాం గని" అంది. చెప్పాను. వెళ్లి నీడ చూసి వచ్చి, వద్దంది. సరే అన్నాను.

ఇప్పుడు పుష్యం. ఈ పొద్దున మంచు ఇంకా విడవకముందే సత్తయ్య ఇంటికి వెళ్లాను. వీధిలోకే మగ్గం చప్పుడు వినిపించింది. రాజవ్వ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది, చెప్పుల్లేవు, మేజోళ్లు లేవు. వంగి గుంట గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. నిన్నటి ఎండ ఇంకా ఉంది.

ఆ రోజు నా మాటకు అందరికంటే గట్టిగా నవ్వి, సాయంత్రం పిలిచినప్పుడు మాత్రం ఇంట్లో లేని పక్కింటాయన చెంబు పట్టుకుని అటుగా పోతూ తలుపులోంచి తొంగి చూశాడు. "మంచిగ కుదిరింది గదా. పెద్ద సారూ, మీరు చేసిందేనా గిది?"

"నేను పైపు పట్టుకున్న. చేసింది స్వప్న మేడం" అన్నాను.

రాజవ్వ తొక్కడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. "జర గట్టిగ చెప్పున్రి సారూ" అంది. "మగ్గం చప్పుడుల గాయినకు ఇనవడలే."

మళ్లీ చెప్పాను, ఈసారి వీధిలోకి వినబడేలా.